స్మోకర్ కొంటున్నారా? ఈ సంగతులు మీకు తెలుసా?

అమెరికాలో సొంతిల్లు, వెనకాల కాస్త పెరడు అమరిన తెలుగు కుటుంబాల్లో ఎండలు ముదరగానే ఒక చర్చ మొదలవుతుంది. ఉన్న గ్యాస్ గ్రిల్లుతో సరిపెట్టుకుందామా, మాంసాన్ని పొగలో మెల్లగా మగ్గించే స్మోకర్ కొందామా? కొంటే బొగ్గుదా, కట్టెలదా? దుకాణానికి వెళ్తే వరుసగా నల్లటి ఇనుప పెట్టెలు, నిలువు డ్రమ్ములు, గుడ్డు ఆకారంలో పింగాణీ పొయ్యిలు. ఎక్కువమంది సైజు చూస్తారు, ధర చీటీ చూస్తారు, పొరుగింటాయన ఏది కొన్నాడో కనుక్కుంటారు. చూడాల్సింది వేరే ఉంది. గాలి ఎటునుంచి లోపలికి వస్తుంది, ఎటు బయటికి పోతుంది, ఆ దారి మీద మన చేతికి ఎంత అదుపు ఉంది? ఈ మూడూ తెలిస్తే స్మోకర్ సగం తెలిసినట్టే. కొనే ముందు చదువుకోదగ్గ కొన్ని విశేషాలు ఇవి.

మీకు తెలుసా? వేడిని నడిపేది బొగ్గు కాదు, గాలి

ఎన్ని బొగ్గులు పోశామన్నది నిప్పు ఎంతసేపు ఉంటుందో చెబుతుంది. ఎంత వేడిగా ఉంటుందో చెప్పేది దానికి అందే గాలి. కింద ఉన్న గాలి కన్నం ముప్పాతిక మూస్తే ఆక్సిజన్ తగ్గి నిప్పు మందగిస్తుంది, తెరిస్తే రాజుకుంటుంది. అందుకే పొయ్యి నిండా బొగ్గు పోసినా రాత్రంతా 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలబెట్టొచ్చు.

అమెరికన్ బార్బెక్యూలో మాంసం మగ్గేది 107 నుంచి 135 డిగ్రీల మధ్య. అక్కడి లెక్కలో 225 నుంచి 275 ఫారెన్‌హీట్. మన పల్లెల్లో పిడకల దాలి మీద కుండెడు పాలు పొద్దుటినుంచి సాయంత్రం దాకా కాగి, ఎర్రబడి, మందంగా మీగడ కట్టేవి. దాలి చూసుకునే నాయనమ్మకు తెలిసిన పనే స్మోకర్ దగ్గర నిలబడినవాళ్ళూ నేర్చుకోవాలి. మంట లేవకూడదు, నిప్పు ఆరకూడదు.

గాలి దారిని కళ్ళారా చూడాలంటే టెక్సాస్‌లోని లాక్‌హార్ట్ వెళ్ళాలి. ఆస్టిన్‌కు దక్షిణంగా సుమారు 30 మైళ్ళ దూరంలో ఉన్న ఈ చిన్న ఊరిని 1999లో టెక్సాస్ శాసనసభ రాష్ట్ర బార్బెక్యూ రాజధానిగా ప్రకటించింది. అక్కడి స్మిటీస్ మార్కెట్ అనే బార్బెక్యూ వంటశాలలో పొడవాటి ఇటుక పొయ్యి ఒక చివర, నేల మీదే, తలుపూ తడకా లేకుండా కట్టెలు మండుతుంటాయి. జనం ఆ మంట పక్కనుంచే వరుసలో నిలబడతారు. రెండో చివర ఎత్తైన పొగగొట్టం. అందులో వేడిగాలి పైకి లేస్తున్నకొద్దీ మంట దగ్గరి వేడి, పొగ మాంసం మీదుగా ఆ చివరకు లాగబడతాయి. ఫ్యాన్ లేదు, కరెంటు లేదు. నూరేళ్ళకు పైగా సాగుతున్న పద్ధతి ఇది.

ఆ భవనంలో అంతకుముందు నడిచింది 1900లో మొదలైన క్రూజ్ మార్కెట్. కుటుంబంలో వచ్చిన తగాదాతో 1999లో క్రూజ్ వేరే చోటికి మారాల్సి వచ్చింది. అప్పుడు పాత పొయ్యిలోని నిప్పులను ఇనుప తొట్టిలో వేసి, వీధి వెంట ఈడ్చుకుంటూ తీసుకెళ్ళి కొత్త పొయ్యిలు రాజేశారు. బార్బెక్యూను ఆ ఊరివాళ్ళు ఎంత మనసుపెట్టి చూస్తారో తెలియడానికి ఈ ఒక్క సంగతి చాలు.

కెటిల్ గ్రిల్లు పుట్టింది నీళ్ళమీద తేలే బోయ నుంచి

అమెరికా పెరళ్ళలో ఎక్కడ చూసినా కనిపించే గుండ్రటి మూతపొయ్యిని 1952లో తయారుచేసినవాడు జార్జ్ స్టీఫెన్. షికాగోలో వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్‌లో ఆయన ఉద్యోగి. ఆ ఫ్యాక్టరీలో లోహపు బోయలు కూడా తయారయ్యేవి. అప్పట్లో పెరటి పొయ్యిలకు మూత ఉండేది కాదు. గాలి వస్తే బూడిద లేచేది, వాన వస్తే వంట ఆగేది. స్టీఫెన్ బోయకు వాడే గోళాన్ని రెండుగా కోసి, కింది సగానికి కాళ్ళు పెట్టి, పై సగాన్ని మూత చేశాడు. గాలి కన్నాలు పెట్టాక నిప్పు చెప్పినట్టు వినడం మొదలుపెట్టింది.

మీ ఇంట్లో ఈ కెటిల్ ఇప్పటికే ఉంటే స్మోకర్ కోసం దుకాణానికి పరిగెత్తనక్కర్లేదు. బొగ్గు బిళ్ళలను కెటిల్ అంచు వెంబడి రెండేసి వరుసల్లో, ఒకదాన్నొకటి ఆనుకునేలా, ముప్పాతిక చుట్టు పేర్చండి. వాటిమీద అక్కడక్కడా చెక్క ముక్కలు పెట్టండి. ఒక చివర మాత్రమే నిప్పంటించండి. నిప్పు ఆ వరుస వెంట మెల్లగా పాకుతూ గంటల తరబడి ఒకే వేడి ఇస్తుంది. మాంసాన్ని నిప్పు లేని నడిమి భాగంలో ఉంచాలి. కొత్తగా ఒక్క డాలరు పెట్టకుండా వచ్చే స్మోకర్ ఇది.

ఫోర్డ్ బొగ్గు బిళ్ళలు అమ్మింది కార్ల డీలర్లు

బొగ్గుపొడిని బిళ్ళగా నొక్కే పద్ధతికి పెన్సిల్వేనియాకు చెందిన ఎల్స్‌వర్త్ జ్వోయర్ 1897లోనే పేటెంట్ తీసుకున్నాడు. దాన్ని ఇంటింటికీ చేర్చింది మాత్రం హెన్రీ ఫోర్డ్. ఆయన కార్లలో అప్పట్లో కలప చాలా వాడేవారు. మిచిగన్ అడవుల్లో సొంత రంపపు మిల్లు పెట్టాక చెక్కముక్కలూ రంపపు పొట్టూ గుట్టలు పడ్డాయి. వాటిని పారేయడం ఇష్టంలేక 1920ల్లో బొగ్గు బిళ్ళల ఫ్యాక్టరీ కట్టించాడు, ఆ బిళ్ళలను తన కార్ల డీలర్ల దగ్గరే అమ్మించాడు. స్థలం చూసిపెట్టిన బంధువు ఎడ్వర్డ్ కింగ్స్‌ఫర్డ్ పేరే 1951 తర్వాత ఆ బొగ్గుకు స్థిరపడింది. ఈనాటికీ అమెరికా దుకాణాల్లో నీలం తెలుపు సంచీల్లో కనిపించే కింగ్స్‌ఫర్డ్ అదే.

బిళ్ళలు మంచివా, అసలు కట్టెబొగ్గు మంచిదా అన్న వాదన తెగదు. బిళ్ళలన్నీ ఒకే సైజు కాబట్టి వేడి నిలకడగా ఉంటుంది. బూడిద మాత్రం ఎక్కువ పడుతుంది. కట్టెబొగ్గు త్వరగా రాజుకుంటుంది, ఎక్కువ వేడెక్కుతుంది, బూడిద తక్కువ. కానీ సంచీ అడుగున పొడి, పైన పెద్ద దుంగ ముక్కలు రావడం మామూలే. పింగాణీ పొయ్యికి కట్టెబొగ్గు, మిగతా బొగ్గు స్మోకర్లకు బిళ్ళలు నా ఎంపిక. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. అగ్గిపుల్ల గీయగానే అంటుకునేలా ముందే నూనె పట్టించిన బిళ్ళలను స్మోకర్‌లో వాడొద్దు. గంటల తరబడి ఒక్కొక్కటే అంటుకుంటుంటే ఆ నూనె వాసన మొత్తం మాంసానికి పడుతుంది. ఇనుప చిమ్నీలో బొగ్గు నింపి, కింద కాగితం ఉండ పెట్టి వెలిగిస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో నిప్పులు సిద్ధం.

పొగ కనిపించకపోతేనే మంచి పొగ

కొత్తగా స్మోకర్ కొన్నవాళ్ళు తెల్లటి పొగ మేఘంలా లేస్తుంటే ముచ్చటపడతారు. ఆ పొగలో వండినది చేదెక్కుతుంది, నాలుక మొద్దుబారినట్టు ఉంటుంది. తెల్లపొగ అంటే కట్టె సరిగా కాలడం లేదని అర్థం. గాలి చాలక, లేదా కట్టె తడిగా ఉండి, కాలకుండా మిగిలిన తారులాంటి పదార్థాలు పెద్ద తుంపరలుగా బయటికి వస్తాయి. కట్టె బాగా మండితే వెలువడే రేణువులు చాలా సన్నగా ఉంటాయి. అవి వెలుగులోని నీలాన్నే ఎక్కువగా చెదరగొడతాయి కాబట్టి పొగ పలచగా, నీలిగా కనిపిస్తుంది. టెక్సాస్ వంటవాళ్ళు పొగగొట్టం చివర చూసేది ఆ నీలిరంగు కోసమే.

కట్టెలోని లిగ్నిన్ కాలినప్పుడు గ్వయకాల్, సిరింగాల్ అనే పదార్థాలు పుడతాయి. పొగ రుచికి ఒకటి, పొగ వాసనకు రెండోది ముఖ్యం. ఇవి మాంసానికి బాగా పట్టాలంటే పైభాగం చల్లగా, తడిగా ఉండాలి. వంట మొదలైన తొలి గంటల్లోనే పొగ ఎక్కువగా పడుతుంది. అందుకే ఫ్రిజ్‌లోంచి తీసిన మాంసాన్ని నేరుగా స్మోకర్‌లో పెట్టడంలో తప్పేమీ లేదు.

చెక్కముక్కల్ని నీళ్ళలో నానబెట్టమని చాలా సంచీలమీద రాసి ఉంటుంది. గట్టి కలపలోకి గంటలో దిగే నీరు అతి కొద్ది. ఆ కాస్తా ఆవిరయ్యేదాకా చెక్క కాలదు. అప్పటిదాకా వచ్చేది నీటి ఆవిరే. నానబెట్టకండి.

మీకు తెలుసా? చవక ఆఫ్‌సెట్‌కన్నా ఖరీదైన తప్పు లేదు

కట్టెల స్మోకర్ అనగానే అందరి కళ్ళ ముందూ మెదిలేది ఆఫ్‌సెట్. పడుకోబెట్టిన పీపా, దాని పక్కన చిన్న మంటపెట్టె, రెండో చివర పొగగొట్టం. లాక్‌హార్ట్ ఇటుక పొయ్యి సూత్రాన్నే ఇనుములోకి దించారు. పెద్ద దుకాణాల్లో దొరికేవాటిలో చాలా వరకు రెండు మిల్లీమీటర్లు కూడా లేని పలచటి రేకుతో చేసినవి. పలచటి రేకు వేడిని పట్టి ఉంచదు. ఒక గాలి తెర వచ్చిందంటే థర్మామీటర్ ముల్లు 20 డిగ్రీలు పడిపోతుంది, కట్టె వేస్తే 40 డిగ్రీలు ఎగురుతుంది. మూత అంచుల్లోంచి, మంటపెట్టె అతుకుల్లోంచి గాలి కారుతుంటే కన్నం మూసినా తెరిచినా ఒకటే. సాయంత్రానికి కట్టెల మోపు అయిపోతుంది, మాంసం ఉడకదు, పొగ కంపు కొడుతుంది. చాలామంది స్మోకర్ మీదే విరక్తి పెంచుకునేది ఇక్కడే. వాళ్ళ తప్పు కాదు, రేకు తప్పు.

మంచి ఆఫ్‌సెట్‌కు పావు అంగుళం, అంటే ఆరు మిల్లీమీటర్ల మందం ఉక్కు వాడతారు. ఇద్దరు మనుషులు కదపలేని బరువు. ధర వేల డాలర్లలోకి పోతుంది. టెక్సాస్‌లో పేరున్న వంటశాలల్లోని పెద్ద స్మోకర్లు చాలావరకు పాత ప్రొపేన్ ట్యాంకులతో చేసినవే. 500, 1000 గ్యాలన్ల ట్యాంకులు, మందపాటి ఉక్కు. ఆస్టిన్‌లో 2009లో ఒక ట్రైలర్ బండితో మొదలుపెట్టిన ఆరన్ ఫ్రాంక్లిన్ ఇలాంటి ట్యాంకు స్మోకర్లమీద వండిన గొడ్డు రొమ్ముమాంసం, అంటే బ్రిస్కెట్‌తో 2015లో జేమ్స్ బియర్డ్ అవార్డు అందుకున్నాడు. బార్బెక్యూ వంటవాళ్ళకు అంతకుముందు ఊహకందని గౌరవం అది. పాత ట్యాంకు కొనుక్కొచ్చి ఇంట్లో కోసే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. లోపల మిగిలిన గ్యాస్ పేలి ప్రాణాలు తీస్తుంది. అది అనుభవమున్న వెల్డర్ల పని.

ఎంత మంచి ఆఫ్‌సెట్ అయినా అరగంటకో ముప్పావుగంటకో ఒక కట్టెపేడు అడుగుతుంది. పన్నెండు గంటల వంటంటే పన్నెండు గంటలూ మనిషి దగ్గరుండాలి. అదే ఆనందం అనుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు నా సలహా, డబ్బు కూడబెట్టి ఒక్కసారే మందపాటిది కొనండి. ఇప్పటికే పలచటిది ఇంట్లో ఉంటే పారేయనక్కర్లేదు. మూత అంచులకు వేడిని తట్టుకునే గ్యాస్కెట్ అంటించి, మంటపెట్టెలో బొగ్గును ఆధారం చేసుకుని, గంటకోసారి ఒక చెక్కముక్క వేస్తే పని నడుస్తుంది.

కొనే ముందు దుకాణంలోనే ఒక పరీక్ష చేయొచ్చు. ఫోన్ టార్చి వెలిగించి స్మోకర్ లోపల పెట్టి మూత వేయండి. వెలుగు ఎక్కడెక్కడ బయటికి వస్తోందో అక్కడల్లా గాలి కారుతుంది.

తూటా ఆకారంలో ఉన్న చిన్నది పెద్దపని చేస్తుంది

1981లో వెబర్ తెచ్చిన స్మోకీ మౌంటెన్ నిలువుగా, తూటా ఆకారంలో ఉంటుంది. అడుగున బొగ్గు, మధ్యలో నీళ్ళ పళ్ళెం, పైన రెండు జాలీలు. నీళ్ళు 100 డిగ్రీలు దాటవు కాబట్టి ఆ పళ్ళెం వేడి ఎగిరిపడకుండా కాచుకుంటుంది, లోపలి గాలిని తేమగా ఉంచుతుంది. ఈ స్మోకర్‌కు పేరు తెచ్చిన కిటుకు జిమ్ మినియన్ అనే పోటీల వంటగాడిది. పొయ్యి నిండా రాజుకోని బొగ్గు పోసి, దాని నడినెత్తిన కాసిని ఎర్రటి నిప్పులు వేయడమే. నిప్పు పైనుంచి కిందికి నెమ్మదిగా దిగుతుంది. ఒక్కసారి నింపితే ఎనిమిది, పది గంటలు ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం విందుకు శనివారం రాత్రి పెట్టి నిద్రపోవచ్చు.

పాత 55 గ్యాలన్ల డ్రమ్ముతోనూ స్మోకర్ చేసుకుంటారు. ఇందులో కొవ్వు కారి నేరుగా నిప్పులమీద పడుతుంది, ఆ ఆవిరి మళ్ళీ మాంసానికి పడుతుంది. ఆ రుచి వేరే ఏ స్మోకర్‌కూ రాదు, కోడికి మరీ బాగుంటుంది. తినే సరుకు నింపిన డ్రమ్మే తీసుకోవాలి. లోపలి పూత పూర్తిగా కాల్చి గీకేయాలి. జింకు పూత ఉన్నదేదీ నిప్పు దగ్గరికి రానివ్వకూడదు.

పింగాణీ గుడ్డు

జపాన్‌లో అన్నం వండే కమాడో పొయ్యిని రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికన్ సైనికులు చూసి ముచ్చటపడి ఇంటికి తెచ్చుకున్నారు. 1974లో ఎడ్ ఫిషర్ అట్లాంటాలో ప్రారంభించిన బిగ్ గ్రీన్ ఎగ్ దాని అమెరికన్ రూపం. గోడలు మందం, బొగ్గు చాలా తక్కువ తింటుంది. మంచు పడే మిన్నెసోటాలో, షికాగోలో ఉన్నవాళ్ళకు దీన్ని మించింది లేదు. గాలి కన్నాలు తెరిచి వేడి పెంచితే నాన్‌లు, పిజ్జాలు కూడా కాల్చుకోవచ్చు. ఒక్కసారి వేడి హద్దు దాటిందంటే మాత్రం దింపడం గంటల పని. పెద్ద సైజుది 70 కిలోలు దాటుతుంది. అద్దె ఇళ్ళు మారేవాళ్ళకు కష్టం.

పెల్లెట్ స్మోకర్ సంగతి రెండు మాటల్లో చెప్పొచ్చు. 1985లో ఒరెగాన్‌లోని మౌంట్ ఏంజెల్ ఊళ్ళో జో ట్రేగర్ తయారుచేశాడు. రంపపు పొట్టును నొక్కి చేసిన గుళికలను మోటారు మెల్లగా నిప్పులోకి తోస్తుంది, వేడిని యంత్రమే చూసుకుంటుంది. పొగ రుచి తేలిక, కరెంటు కావాలి. పొయ్యి దగ్గర నిలబడే ఓపిక లేనివాళ్ళకు ఇది సరైనదే, తక్కువ చేసి చూడాల్సిన పనిలేదు.

టెక్సాస్ మెస్కీట్, మన సర్కారు తుమ్మ దగ్గరి చుట్టాలు

టెక్సాస్ దుకాణాల్లో గొప్పగా అమ్మే మెస్కీట్ బొగ్గు ఏ జాతి చెట్టుదో, రాయలసీమలో, తెలంగాణ బీళ్ళలో ముళ్ళకంపగా అల్లుకుపోయిన సర్కారు తుమ్మ ఆ జాతిదే. అమెరికా ఖండాల్లోని ఈ చెట్టు విత్తనాలను 1870ల్లో మద్రాసు అటవీ శాఖ తెప్పించి నాటించింది. తొలిగా వేసిన చోట్లలో కడప ప్రాంతం ఒకటి. ఇప్పుడు మన ఊళ్ళలో బట్టీల్లో కాల్చి అమ్మే బొగ్గులో పెద్ద వాటా దానిదే. హైదరాబాద్ శివార్లలో, విజయవాడ దగ్గరి తోటల్లో స్మోకర్ పెట్టుకునేవాళ్ళు విదేశీ బొగ్గు సంచీలకు డబ్బు పోయాల్సిన అవసరం లేదు. ఊరి బొగ్గే మెస్కీట్‌కు చుట్టం.

మెస్కీట్ కట్టె పొగ ఘాటు ఎక్కువ. కట్టెగా గంటల తరబడి వాడితే మాంసం చేదెక్కే ప్రమాదం ఉంది, బొగ్గుగా వాడితే ఆ బెడద తగ్గుతుంది. సెంట్రల్ టెక్సాస్ వాళ్ళకు పోస్ట్ ఓక్, కెంటకీ, టెనెస్సీ వైపు హికరీ. ఎవరి అడవిలో ఏది పెరిగితే అదే వాళ్ళ రుచి అయింది. మన దగ్గర ఎండిన మామిడి, జామ కట్టెలు పొగకు చక్కగా పనికొస్తాయి. చింతనిప్పుల వేడి సంగతి మనవాళ్ళకు చెప్పనక్కర్లేదు. చెట్టు ఏదన్నదానికన్నా కట్టె ఎండిందా లేదా అన్నదే ముఖ్యం. తేమ 20 శాతం దగ్గరికి దిగాలి. చీల్చి, గాలి ఆడేలా పేర్చి కొన్ని నెలలు ఉంచితే దిగుతుంది.

గన్నేరు కొమ్మ మాత్రం పుల్లంత కూడా వాడొద్దు. కట్టె, ఆకు, పువ్వు అన్నీ విషమే. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, పాత రైలు పట్టాల కింది దిమ్మెలు కూడా అంతే ప్రమాదం. అమెరికాలో ఉన్నవాళ్ళు కట్టెలు దూరప్రాంతాల నుంచి కార్లో మోసుకురాకండి. 2002లో మిచిగన్‌లో బయటపడిన ఒక ఆకుపచ్చ పురుగు కట్టెలతోపాటు ప్రయాణించి కోట్లాది ఆష్ చెట్లను చంపింది.

కట్టెనూ బొగ్గునూ రెండిటినీ వాడే పద్ధతికి మంచి ఉదాహరణ లెక్సింగ్టన్ అనే టెక్సాస్ పల్లెలోని స్నోస్ అనే బార్బెక్యూ వంటశాల. వారంలో ఒక్క శనివారమే తెరుస్తారు. అక్కడ టూట్సీ టొమానెట్జ్ అనే పెద్దావిడ విడిగా కట్టెలు కాల్చి, నిప్పులయ్యాక పారతో ఎత్తి మాంసం కింద పరుస్తుంది. 2008లో టెక్సాస్ మంత్లీ పత్రిక ఆ రాష్ట్రంలోకెల్లా ఉత్తమ బార్బెక్యూ అదేనని ప్రకటించేదాకా బయటివాళ్ళకు ఆ ఊరే తెలియదు. 1935లో పుట్టిన ఆవిడ ఎనభై దాటాకా పార దించలేదు.

మాంసం మధ్యలో మొండికేస్తుంది

పెద్ద మాంసం ముక్క లోపలి వేడి 65 నుంచి 75 డిగ్రీల మధ్యకు వచ్చాక గంటల తరబడి కదలదు. కొత్తవాళ్ళు స్మోకర్ పాడైందనుకుని బొగ్గు మీద బొగ్గు పోస్తారు. పాడవలేదు. పైభాగం నుంచి నీరు ఆవిరవుతూ, లోపలికి వెళ్ళాల్సిన వేడిని తనతో తీసుకుపోతోంది, అంతే. పైన ఎండాక మళ్ళీ ముల్లు కదులుతుంది. ఓపిక లేకపోతే అల్యూమినియం రేకులోనో, మాంసం చుట్టే మందపాటి కాగితంలోనో చుట్టి పెడతారు. కాగితమైతే పైపొర మెత్తబడిపోదు.

ఇంతసేపు ఎందుకు వండాలంటే జబ్బ, రొమ్ము భాగాల్లో కొలాజెన్ ఎక్కువ. అది కరిగి జిగురుగా మారడానికి వేడితోపాటు సమయం కావాలి. 95 డిగ్రీల దగ్గర వేలితో నొక్కితే విడిపోతుంది.

ముక్క కోసినప్పుడు అంచు వెంట కనిపించే గులాబిరంగు గీతను చూసి చాలామంది మురిసిపోతారు. నిప్పులోంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ మాంసంలోని మయోగ్లోబిన్‌తో కలవడంవల్ల వచ్చే రంగు అది. రుచికి దానితో సంబంధం లేదు. కాన్సాస్ సిటీ బార్బెక్యూ సొసైటీ పోటీల్లో న్యాయనిర్ణేతలు ఆ గీతకు మార్కులు వేయకూడదు.

మేకమాంసానికీ ప్రపంచ పోటీ ఉంది

స్మోకర్ అంటే గొడ్డుమాంసం, పందిమాంసం అనుకుని వెనకాడే తెలుగువాళ్ళు చాలామంది. టెక్సాస్‌లోని బ్రేడీ ఊళ్ళో 1974 నుంచి ఏటా లేబర్ డే సెలవుల్లో మేకమాంసం బార్బెక్యూకు ప్రపంచ పోటీ జరుగుతోంది. కెంటకీలోని ఓవెన్స్‌బరోలో బార్బెక్యూ అంటేనే గొర్రెమాంసం, హికరీ నిప్పులమీద. అలబామాలోని డెకేటర్‌లో 1925 నుంచి బిగ్ బాబ్ గిబ్సన్ వంటశాల కోడిని కాల్చి మయొనీజ్, వెనిగర్ కలిపిన తెల్లటి సాస్‌లో ముంచి ఇస్తోంది.

మేకలో జబ్బ, మెడ తీసుకోండి, కొవ్వూ కొలాజెనూ ఉన్నవి అవే. తొడ పొడిబారుతుంది. అల్లంవెల్లుల్లి, పెరుగు, కారం, ధనియాల పొడి కలిపి పట్టించిన ముద్ద గ్రిల్లుమీద మాడిపోతుంది కానీ 110 డిగ్రీల స్మోకర్‌లో మాడదు. తడి పైపొరకు పొగ ఇంకా బాగా అంటుతుంది. కోడి విషయంలో పద్ధతి వేరు. తక్కువ వేడిలో తోలు రబ్బరులా సాగుతుంది కాబట్టి 150 డిగ్రీలు దాటించి వండాలి, లోపల 74 డిగ్రీలు వచ్చేదాకా దించకూడదు. వంకాయ, టమాటా, మొక్కజొన్న, పనీరు కూడా పొగకు చక్కగా లొంగుతాయి. పనీరుకు అరగంట పొగ చాలు.

మూతమీది గడియారం ముల్లును నమ్మకండి

మూతకు బిగించిన థర్మామీటర్ మాంసానికి జానెడు పైన ఉంటుంది. జాలీ దగ్గరి వేడికీ దానికీ చాలా తేడా వస్తుంది. వైరుతో జాలీకి తగిలించే డిజిటల్ థర్మామీటర్ కొనండి. స్మోకర్‌లో పెట్టే డబ్బులో ఇంతకన్నా బాగా ఖర్చయ్యేది ఇంకొకటి లేదు. మరుగుతున్న నీళ్ళలో ముంచి సరిచూసుకోండి. సముద్రమట్టం దగ్గర 100 చూపాలి, హైదరాబాద్‌లో 98, డెన్వర్‌లో 95 దగ్గర.

ప్రాణానికి సంబంధించినది

కాలే బొగ్గు కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. వాన వచ్చిందని స్మోకర్‌ను గరాజ్‌లోకి నెట్టకండి. తలుపు తెరిచే ఉంచినా వద్దు. నివురుగప్పిన నిప్పును ఆరిందనుకుని ఇంట్లోకి తెచ్చినవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అపార్ట్‌మెంట్లలో చెక్క బాల్కనీల మీద, కాలే కట్టడానికి పది అడుగుల లోపు బొగ్గు పొయ్యి వాడటాన్ని చాలా నగరాల అగ్నిమాపక నిబంధనలు నిషేధిస్తాయి. కొనే ముందు మీ కాలనీ నియమాలు అడగండి. బూడిదను మూత ఉన్న ఇనుప డబ్బాలో రెండు రోజులు ఉంచాకే చెత్తలో వేయండి.

మరి ఏది కొనాలి?

మొదటి స్మోకర్‌గా నా ఓటు నీళ్ళ పళ్ళెం ఉన్న 18 అంగుళాల నిలువు బొగ్గు స్మోకర్‌కు. బొగ్గు నిలకడనిస్తుంది, పైన వేసిన నాలుగు చెక్కముక్కలు రుచినిస్తాయి. గాలి కన్నాలతో వేడిని నడపడం నేర్పేది ఇదే. ఇంట్లో కెటిల్ ఉంటే అది కూడా కొనొద్దు. చలి ప్రాంతంలో సొంతింట్లో స్థిరపడితే పింగాణీది. మంట పక్కన రోజంతా కూర్చోవడమే ఇష్టమైతే ఆరు మిల్లీమీటర్ల ఆఫ్‌సెట్, కట్టెలు ఎండబెట్టే చోటు చూసుకున్నాకే.

ఏది కొన్నా మొదటి రోజు మాంసం పెట్టకండి. ఖాళీ స్మోకర్ రాజేసి, కన్నాలు తిప్పుతూ, ముల్లును 110 దగ్గర నాలుగు గంటలు నిలబెట్టండి. అది చేతికి వచ్చాక మేక జబ్బ తెచ్చుకోండి.